ఓటీపీ పెడితే పక్క షాపు బిల్లు కనిపించడం ఆగుతుందా?

ప్రశ్న: మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. మామయ్య గారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ మావారూ చూసుకుంటున్నాం. మెడికల్ షాపుల వాళ్లు ఆర్డర్లు పెట్టుకోవడానికి, బిల్లులు, బాకీలు చూసుకోవడానికి ఒక పోర్టల్ చేయించాం. పోయిన నెల ఒక షాపు ఆయన ఫోన్ చేసి, "అమ్మా, బిల్లు తెరిచినప్పుడు పైన అడ్రస్‌లో చివరి అంకె మారిస్తే వేరే షాపు బిల్లు వస్తోంది, వాళ్లకిచ్చిన డిస్కౌంటు కూడా కనిపిస్తోంది" అన్నారు. సాఫ్ట్‌వేర్ చేసిన అబ్బాయిని అడిగితే, "లాగిన్‌కి ఓటీపీ పెడదాం మేడం, సెక్యూరిటీ టైట్ అయిపోతుంది" అని కొటేషన్ పంపాడు. తీగ లాగితే డొంకంతా కదిలింది. మానేసిన సేల్స్‌మన్ లాగిన్‌తోనే కొత్తబ్బాయి ఆర్డర్లు కొడుతున్నాడు. అడ్మిన్ పాస్‌వర్డ్ మామయ్య గారికి, మావారికి, అకౌంటెంట్ గారికి, గోడౌన్‌లో ఇద్దరికి తెలుసు. మారుద్దామంటే అకౌంటెంట్ గారు "ఇన్నేళ్ల తర్వాత నా మీద నమ్మకం పోయిందా" అని చిన్నబుచ్చుకున్నారు. ఓటీపీకి డబ్బు కట్టమంటారా? ఇంట్లో పెద్దవాళ్లకి, పాత ఉద్యోగులకి ఎలా చెప్పాలి? మిగతా షాపులకి ఈ సంగతి చెప్పాలా, వద్దా?

– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

సమాధానం: ముందు డబ్బు సంగతి. ఆ ఓటీపీ కొటేషన్‌కి ఇప్పుడే ఒప్పుకోకండి. ఓటీపీ మంచిదే, తర్వాత పెట్టించుకోవాల్సిందే, దాని గురించి కింద చెప్తాను. కానీ మీకు ఫోన్ చేసిన షాపు ఆయన దొంగ లాగిన్‌తో రాలేదు కదా. తన యూజర్ పేరుతో, తన పాస్‌వర్డ్‌తోనే వచ్చారు. రేపు ఓటీపీ పెట్టినా అది ఆయన ఫోన్‌కే వస్తుంది, ఆయనే కొడతారు, లోపలికి వస్తారు. ఆ తర్వాత అంకె మారిస్తే పక్క షాపు బిల్లు మళ్లీ తెరుచుకుంటుంది.

పోర్టల్ ఏదైనా రెండు ప్రశ్నలు అడగాలి. ‘నువ్వెవరు?’ అన్నది మొదటిది. ‘నువ్వడిగింది నీకు చెందినదేనా?’ అన్నది రెండోది. బ్యాంకు లాకర్ గుర్తుచేసుకోండి. రిజిస్టరులో సంతకం పెట్టించుకుని లాకర్ గదిలోకి పంపుతారు. లోపలికి వెళ్లాక మీ తాళంచెవి మీ లాకరుకి తప్ప వేరేదానికి పట్టదు. మీ పోర్టల్ గుమ్మం దగ్గర సంతకం బాగానే తీసుకుంటోంది, లోపల మాత్రం లాకర్లన్నిటికీ ఒకే తాళంచెవి పడుతోంది. ఓటీపీ అంటే గుమ్మం దగ్గర రెండో సంతకం. లోపలి తాళాల్ని అది మార్చదు.

ఈ లోపం చాలా చోట్ల ఉంది. వెబ్ అప్లికేషన్ల భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ అనే సంస్థ, అన్నిటికన్నా ముఖ్యమైన పది ప్రమాదాల జాబితాని కొన్నేళ్లకోసారి విడుదల చేస్తుంది. అనుమతులు సరిగ్గా చూడకపోవడం అనే ఈ లోపం 2017 జాబితాలో ఐదోది. 2021 జాబితాలో మొదటిది.

అమెరికాలో ఇళ్లు, స్థలాల లావాదేవీలకు టైటిల్ ఇన్సూరెన్స్ చేసే ఫస్ట్ అమెరికన్ ఫైనాన్షియల్ అనే పెద్ద కంపెనీ ఉంది. 2019 మే నెలలో దాని సంగతి బయటపడింది. ఒక డాక్యుమెంటు లింకులో అంకె మారిస్తే ఇంకొకరి డాక్యుమెంటు వచ్చేది. అసలు లాగిన్ కూడా అక్కర్లేదు. 2003 నాటి నుంచి ఉన్న దాదాపు 88 కోట్ల 50 లక్షల ఫైళ్లు అలా తెరిచి ఉన్నాయి. బ్యాంకు ఖాతా నంబర్లు, పన్ను కాగితాలు, డ్రైవింగ్ లైసెన్సుల కాపీలు అన్నీ వాటిలో ఉన్నాయి. మీరు గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. ఆ కంపెనీ సెక్యూరిటీ సిబ్బందికి ఈ లోపం కొన్ని నెలల ముందే తెలుసు. సరిచేయలేదు, పై అధికారుల దాకా తీసుకెళ్లలేదు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2021లో జరిమానా వేసింది కూడా సరిగ్గా దీని గురించే. మీకు తెలిసి నెల అయింది. అందుకే సరిచేయడం పూర్తయ్యే దాకా పోర్టల్‌లో బిల్లులు, స్టేట్‌మెంట్లు చూసే పేజీలు ఈ రోజే ఆపించండి. నాలుగు రోజులు బిల్లులు వాట్సాప్‌లో పంపుకోవచ్చు, కొంపలేమీ మునగవు. ఆర్డర్లు పెట్టే పేజీలు కూడా పరీక్షలో నెగ్గాకే కొనసాగనివ్వండి.

ఇక సాఫ్ట్‌వేర్ అబ్బాయికి ఏం చెప్పాలి? ఒక్క వాక్యం చాలు: "ఏ బిల్లు అడిగినా, ఆ బిల్లు ఈ లాగిన్ షాపుదేనా కాదా అని సర్వర్ ప్రతిసారీ చూడాలి, కాకపోతే ఇవ్వకూడదు." సర్వర్ అంటే మీ పోర్టల్ డేటా ఉండే, అడిగినవి పంపే కంప్యూటర్. ఇందులో ‘సర్వర్’ అన్న మాటా, ‘ప్రతిసారీ’ అన్న మాటా రెండూ ముఖ్యమే. ఇది కొత్త సూత్రమేం కాదు. 1975లోనే సాల్ట్‌జర్, ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు రాసిన నియమాల్లో ఇదొకటి: ఏ వస్తువుని ఎవరు ముట్టుకోబోయినా, ప్రతిసారీ అధికారం ఉందో లేదో చూడాలి. ఎవరికైనా తన పనికి సరిపడా అధికారమే ఉండాలి అన్న రెండో నియమం కూడా వాళ్లు అక్కడే చెప్పారు. మీ ఉత్తరంలోని మొదటి సగానికి మొదటి నియమం, రెండో సగానికి రెండో నియమం సరిపోతాయి.

ఆ అబ్బాయి మీకు కొన్ని సులువైన దారులు చెప్పే అవకాశం ఉంది. "అడ్రస్ బార్ కనిపించకుండా మొబైల్ యాప్ చేసేద్దాం" అనొచ్చు. యాప్ కూడా వెనకాల అదే సర్వర్‌ని అదే అంకెతో అడుగుతుంది. ఆ అడిగేది ఏమిటో పట్టుకుని మార్చే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. "బిల్లు నంబరు బదులు ఎవరూ ఊహించలేని పొడవాటి అక్షరాలు పెడదాం" అనొచ్చు. అది కొంత మేలే, కానీ అదొక్కటే చాలదు. లింకులు వాట్సాప్‌లో చేతులు మారతాయి, పాత ఫోన్లలో ఉండిపోతాయి. లింకు ఉన్న ప్రతివాడికీ బిల్లు తెరుచుకుంటుంటే అది రక్షణ అనిపించుకోదు. "వేరేవాళ్ల బిల్లుల మెనూ దాచేద్దాం" అన్నా అంతే. బటన్ కనిపించకపోయినా అడ్రస్ తెలిసినవాళ్లకి పేజీ వస్తుంది. ఇవన్నీ పైపై పనులు. పని జరగాల్సింది సర్వర్‌లో.

సరిచేశానని చెప్పాక మాట మీద వదిలేయకండి, పక్కన కూర్చుని చూడండి. దీనికి మీకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. రెండు డమ్మీ షాపుల లాగిన్లు ఇమ్మనండి. ఒకటి ఒక బ్రౌజర్‌లో, రెండోది ఇంకో బ్రౌజర్‌లో తెరవండి. మొదటి షాపు బిల్లు లింకు కాపీ చేసి రెండో షాపు బ్రౌజర్‌లో పెట్టండి. రాకూడదు. అలాగే బాకీల స్టేట్‌మెంటు, ఎక్స్‌పైరీ రిటర్న్‌కి ఇచ్చిన క్రెడిట్ నోట్, డెలివరీ చలానా, అన్నీ చూడండి. చూడటం ఒకటే కాదు, మార్చడం కూడా పరీక్షించండి: ఒక షాపు పెట్టిన ఆర్డరుని ఇంకో షాపు లాగిన్‌తో క్యాన్సిల్ చేయగలుగుతున్నారా అన్నది. చాలామంది చూసే పేజీలు సరిచేసి మార్చే పేజీలు మర్చిపోతారు. నష్టం ఎక్కువ జరిగేది అక్కడే.

ఆ తర్వాత అసలు లాగిన్ లేకుండా, ఫోన్‌లో ఇన్‌కాగ్నిటో విండోలో అవే లింకులు తెరవండి. ముఖ్యంగా ఫైళ్లు. షాపుల వాళ్లు ఖాతా తెరిచేటప్పుడు డ్రగ్ లైసెన్సు, జీఎస్టీ సర్టిఫికెట్, యజమాని పాన్, ఆధార్ కాపీలు అప్‌లోడ్ చేసి ఉంటారు కదా. ఇలాంటి పీడీఎఫ్‌లని సర్వర్‌లో ఒక మామూలు ఫోల్డర్‌లో పడేసి, బయటివాళ్లకి కూడా తెరుచుకునేలా వదిలేయడం చాలా పోర్టళ్లలో జరుగుతోంది. డిస్కౌంట్లు కనిపిస్తే మీకు వ్యాపారంలో తలనొప్పి. ఆధార్ కాపీలు కనిపిస్తే నష్టం ఆ షాపు యజమానులది, వాళ్లకి మీరు జవాబుదారీ. నా మటుకు ఈ పరీక్షే అన్నిటికన్నా ముఖ్యం. పనిలోపని, అసలు ఆధార్ కాపీ మీకెందుకో ఆలోచించండి. లైసెన్సు, జీఎస్టీ సరిపోతే పాత ఆధార్ కాపీలు తీసేయించండి. మన దగ్గర లేనిదాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు.

ఇంకొక్కటి అడగండి: ఆర్డరులో రేటు, స్కీము సర్వర్ నుంచి తీసుకుంటున్నారా, బ్రౌజర్ పంపినదే నమ్మేస్తున్నారా అని. 10కి 1 ఫ్రీ అన్న స్కీముని బ్రౌజర్‌లోనే 10కి 5గా మార్చి పంపితే మీ పోర్టల్ ఒప్పుకుంటుందేమో చూపించమనండి. రేటు, స్కీము, క్రెడిట్ లిమిటు ఎప్పుడూ మీ సర్వర్‌లో ఉన్న లెక్క ప్రకారమే పడాలి.

ఇప్పుడు మనుషుల సంగతికి వద్దాం. సాఫ్ట్‌వేర్ కన్నా ఇదే మిమ్మల్ని ఎక్కువ టెన్షన్ పెడుతోందని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

అకౌంటెంట్ గారు చిన్నబుచ్చుకోవడంలో ఆయన తప్పేమీ లేదు. మన వ్యాపారాల్లో తాళంచెవులు చేతికివ్వడమంటే గౌరవం ఇవ్వడం. తిరిగి తీసుకుంటే అవమానం అనిపిస్తుంది. అందుకే ఆయనతో ‘సెక్యూరిటీ’ అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆయన పేరుతో మొదలుపెట్టండి. రేపు పొద్దున ఒక షాపుకి 80 వేల క్రెడిట్ నోట్ ఇచ్చినట్టు పోర్టల్‌లో కనిపించింది, ఎవరిచ్చారో ఎవరికీ తెలియదు అనుకోండి. రికార్డులో ‘అడ్మిన్’ అని మాత్రమే ఉంటుంది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు ఐదుగురు. అందులో ఇద్దరు ఇంటివాళ్లు. మరి అనుమానం ముందు ఎవరి మీదికి పోతుంది? ఏళ్ల తరబడి నిజాయితీగా పనిచేసిన మనిషి, తాను చేయలేదని చూపించుకోవడానికి చిన్న ఆధారం కూడా లేకుండా నిలబడాల్సి వస్తుంది. ఆయన పేరుతో వేరే లాగిన్ ఉంటే ఆయన చేసిందేదో, చేయనిదేదో రికార్డే చెప్తుంది. "మీ మీద మాట పడకూడదనే ఇది చేస్తున్నాం" అని మీరే, మామయ్య గారి ముందు, కూర్చోబెట్టి చెప్పండి. అది నెపం కాదు, నిజమే.

ఆయనకి వృత్తిపరంగా కూడా ఇది కొత్తేమీ కాదు. మీది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ ఎప్పుడు జరిగిందో నమోదయ్యే ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపే వీలు ఉండకూడదు. ఆడిటర్ తన రిపోర్టులో దాని గురించి రాయాలి. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్‌లో ఇది ఆయనకి తెలిసే ఉంటుంది. అందరూ ఒకే లాగిన్‌తో పనిచేస్తే ఎడిట్ లాగ్‌లో అన్ని మార్పుల పక్కనా ఒకే పేరు ఉంటుంది, ఎన్ని పేజీలున్నా ఎవరు చేశారో తేలదు. ఈ మాట మీ కన్నా ఆయనే బాగా చెప్పగలరు. వీలైతే కొత్త ఏర్పాటులో ఎవరికి ఏ పని అన్న పట్టిక ఆయన చేతే రాయించండి.

ఆ పట్టికలో ఏముండాలి? మీ పని ఎలా జరుగుతుందో అలాగే రాయండి. సేల్స్‌మన్ తన లైన్‌లో ఉన్న షాపుల ఆర్డర్లు, బాకీలు చూడాలి, పక్క లైన్‌వి అక్కర్లేదు. డిస్కౌంటు మార్చే అధికారం అతనికి వద్దు. గోడౌన్ వాళ్లకి బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, స్టాకు, ప్యాకింగ్ లిస్టు కావాలి. ఏ షాపు ఎంత బాకీ ఉందో వాళ్లకెందుకు? బిల్లింగ్ వాళ్లు బిల్లు కొడతారు, కొట్టిన బిల్లు చెరపలేరు. క్రెడిట్ నోట్ తయారుచేసేవాళ్లు ఒకరైతే ఆమోదించేవాళ్లు ఇంకొకరు కావాలి. మీకు మందులు పంపే కంపెనీల బ్యాంకు ఖాతా నంబర్లు మార్చేవాళ్లు ఒకరు, డబ్బు పంపేవాళ్లు మరొకరు. ఈ చివరి రెండింటి విషయంలో మాత్రం ఎవరు అలిగినా వెనక్కి తగ్గకండి. చిన్న ఆఫీసు, మనుషులు తక్కువ, అన్నిటికీ ఇద్దరు దొరకరు అంటారేమో. డబ్బు బయటికి వెళ్లే ఈ రెండు చోట్లైనా రెండో మనిషి మీరో మీవారో అవ్వండి, చాలు.

మామయ్య గారి విషయం ఇంకా సులువు. ఆయన పేరుతో లాగిన్ ఇవ్వండి. అన్నీ చూడగలిగేలా ఉండాలి, ఏదీ మార్చే వీలు ఉండకూడదు. పొద్దున్నే అమ్మకాలెంత, వసూళ్లెంత అని చూసుకోవడం ఆయనకి కావాల్సింది. అది ఇప్పటికన్నా బాగా, ఒకే పేజీలో కనిపించేలా చేయించండి. పెద్దాయనకి అధికారం తగ్గినట్టు కాకుండా పని తేలికైనట్టు ఉంటుంది. పైగా ఆయన ఫోన్‌లో పొరపాటున ఏదైనా లింకు నొక్కి పాస్‌వర్డ్ పోయినా వ్యాపారంలో లెక్కలు మారవు.

అడ్మిన్ లాగిన్ మాత్రం రోజువారీ పనికి ఎవరూ వాడకూడదు, మీరు కూడా. మీ పేరుతో మామూలు లాగిన్‌లో పనిచేయండి. కొత్త యూజర్లని పెట్టడం, అనుమతులు మార్చడం లాంటి పని ఉన్నప్పుడే అడ్మిన్‌లోకి వెళ్లండి. ఆ అధికారం మీకూ, మీవారికీ విడివిడిగా, ఎవరి పేరుతో వాళ్లకి ఉండాలి.

అన్నీ చేయగల లాగిన్ ఎంత ప్రమాదమో మన హైదరాబాదులోనే చూశాం. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లేఖతో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం బయటపడింది. ఆ కేసులో సీబీఐ చెప్పిన వివరాల్లో ఒకటి చాలామంది మర్చిపోయారు. ఆ కంపెనీ ఇన్వాయిస్‌ల సాఫ్ట్‌వేర్‌లో సూపర్ యూజర్ అనే అధికారం ఉండేది. దాన్ని వాడి దొంగ ఇన్వాయిస్‌లు మామూలు విభాగాల వాళ్లకి కనిపించకుండా దాచారు. అలా దాచినవి 7,561, వాటి విలువ 5,117 కోట్ల రూపాయలు అని సీబీఐ లెక్క తేల్చింది. ప్రాజెక్టు నడిపే విభాగాధిపతికి తన ప్రాజెక్టు పేరున లేని బిల్లు పుట్టిందని తెలిసే వీలే లేదు. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా తేల్చింది. మీ వ్యాపారంలో అలాంటి ఉద్దేశం ఎవరికీ లేదని నాకు తెలుసు. కానీ తాను చేసిన పని రికార్డుల్లో కనిపించకుండా చేసుకోగల లాగిన్ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉండకూడదు. అడ్మిన్ ఏం చేసినా నమోదవ్వాలి, ఆ నమోదుని అడ్మిన్ కూడా చెరపలేకపోవాలి.

మానేసిన సేల్స్‌మన్ లాగిన్ ఈ రోజే ఆపేయండి. డిలీట్ చేయొద్దు, పాత ఆర్డర్ల మీద అతని పేరు ఉండాలి కాబట్టి డీయాక్టివేట్ చేయండి. కొత్తబ్బాయికి అతని పేరుతో వేరే లాగిన్ ఇవ్వండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాస్‌వర్డ్ మార్చినా, పాత ఫోన్‌లో యాప్ అప్పటికే లాగిన్ అయి ఉంటే చాలా పోర్టళ్లలో అది అలాగే నడుస్తూ ఉంటుంది. ఆపేయగానే ఆ మనిషి ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచి ఉన్నవన్నీ తెగిపోతున్నాయా అని పరీక్షించి చూపించమనండి. 2021 మేలో అమెరికా తూర్పు తీరానికి పెట్రోలు, డీజిలు తీసుకెళ్లే కలోనియల్ పైప్‌లైన్ రోజుల తరబడి ఆగిపోయింది. ఆ కంపెనీ కంప్యూటర్లలోకి దొంగలు చొరబడటమే కారణం. వాళ్లు లోపలికి వచ్చింది ఎవరూ వాడటం లేదనుకున్న ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) లాగిన్ నుంచి. దానికి రెండో తనిఖీ లేదు, పాస్‌వర్డ్ ఒక్కటే. కంపెనీ ఆ దొంగలకి 44 లక్షల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఇకనుంచి ఎవరైనా మానేస్తే చివరి జీతం లెక్క కట్టే కాగితం మీదే ‘లాగిన్ ఆపాం’ అన్న గడి ఒకటి పెట్టండి. అది పూర్తయితేనే సెటిల్‌మెంట్. లైన్ మారినప్పుడు, గోడౌన్ నుంచి బిల్లింగ్‌కి మారినప్పుడు కూడా పాత అనుమతులు తీసేయాలి. మారినవాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు, కొన్నేళ్లకి ఒక మనిషి దగ్గర అందరి అధికారాలూ పోగుపడతాయి.

మీ ఉత్తరంలో మీరు లెక్కపెట్టని మనిషి ఇంకొకరున్నారు: సాఫ్ట్‌వేర్ అబ్బాయి. అతని దగ్గర ఏమేం ఉన్నాయో అడిగి రాసుకోండి. పోర్టల్ డొమైన్ పేరు (వెబ్ అడ్రస్) ఎవరి ఈమెయిల్ మీద ఉంది? సర్వర్ ఖాతా ఎవరిది? డేటాబేస్ బ్యాకప్ అతని ల్యాప్‌టాప్‌లో ఉందా? మీ ఆఫీసు కంప్యూటర్లలోకి ఎనీడెస్క్‌తో (దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్) ఎప్పుడైనా వచ్చేలా పాస్‌వర్డ్ పెట్టుకున్నాడా? ఇలాంటి వాళ్లు తమ ఖాతాదారులందరి దగ్గరా ‘సపోర్ట్’ అనే ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకోవడం మామూలు. ఒక్క చోట పోతే అందరివీ పోతాయి. 2013లో అమెరికాలో టార్గెట్ అనే దుకాణాల సంస్థ నుంచి 4 కోట్ల కార్డుల వివరాలు పోయినప్పుడు, దొంగలకి మొదట దొరికింది ఆ సంస్థకి ఏసీ, కూలింగ్ పనులు చేసే ఒక చిన్న కాంట్రాక్టరు లాగిన్. డొమైన్, సర్వర్ మీ సంస్థ పేరు మీదికి, మీ ఈమెయిల్ మీదికి మార్పించండి. పని ఉన్నప్పుడు అతనికి అనుమతి ఇవ్వండి, పనయ్యాక తీసేయండి. అతను మంచివాడే అయ్యుండొచ్చు, మీకు నిజం చెప్పకూడదనే ఓటీపీ మాట ఎత్తి ఉండకపోవచ్చు. చాలామందికి ఈ తేడా నేర్పినవాళ్లు లేరు. రెండు వారాలు గడువిచ్చి చూడండి. అప్పటికీ రెండు బ్రౌజర్ల పరీక్షలో నెగ్గకపోతే ఇంకొకరిని చూసుకోండి.

ఇదంతా అయ్యాక ఓటీపీ. ముందు అడ్మిన్, అకౌంట్స్ లాగిన్లకి పెట్టించండి, ఆ తర్వాత సేల్స్‌మన్లకి. ఎస్సెమ్మెస్ కన్నా ఫోన్‌లోనే ఓటీపీ తయారుచేసే అథెంటికేటర్ యాప్ మేలు, మెసేజ్ ఖర్చు ఉండదు, సిమ్ మోసాల బెడదా తక్కువ. అయితే ఒక పొరపాటు జరగనివ్వకండి. అందరి ఓటీపీలూ యజమాని ఫోన్‌కి వచ్చేలా పెట్టి, గోడౌన్ నుంచి "మేడం, ఓటీపీ చెప్పండి" అని ఫోన్ చేయడం చాలా ఆఫీసుల్లో అలవాటైపోయింది. అడిగినవాళ్లకి ఓటీపీ చెప్పేయడం అలవాటైన ఆఫీసుని మోసగాడు ఒక్క ఫోన్ కాల్‌తో దోచుకోగలడు. ఎవరి ఓటీపీ వాళ్ల ఫోన్‌కే రావాలి. సరుకు రవాణాకి తీసుకునే ఈ-వే బిల్లు పోర్టల్ చూడండి. 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ రెండంచెల లాగిన్ అందరికీ తప్పనిసరి అయింది. అక్కడ సబ్ యూజర్లని పెట్టుకోవచ్చు, ఎవరి నంబరుకి వాళ్ల ఓటీపీ వస్తుంది, ఎవరు ఏం చేయొచ్చో మీరే నిర్ణయించొచ్చు. మీ ఆఫీసులో ఈ-వే బిల్లు కూడా ఒకే లాగిన్‌తో నడుస్తుంటే దాన్నీ ఈ వారమే సరిచేయండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక మీ చివరి ప్రశ్న. చెప్పాలి. కనిపించినవి వాళ్ల బిల్లులు, వాళ్ల వివరాలు. ఎవరి బిల్లులు ఎవరు తెరిచారో ముందు సర్వర్ లాగ్‌లలో (ఎవరు ఏం తెరిచారో సర్వర్ రాసుకునే రికార్డులు) చూడమనండి. ఒకే లాగిన్ నుంచి వరసగా బిల్లు నంబర్లు తెరుచుకుని ఉంటే ఎవరో కావాలని దించుకున్నారని అర్థం. ఆ లాగ్‌లు చెరిగిపోకముందే కాపీ తీసి పెట్టించండి. కంప్యూటర్ల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. డేటా బయటికి పొక్కిన సంగతి తెలిసిన 6 గంటల్లోపు సెర్ట్-ఇన్‌కి తెలియజేయాలి. మీకా గడువు దాటిపోయింది, అయినా ఇప్పుడు పంపడం మానకండి. మీ లాయరుతోనో ఆడిటరుతోనో ఒకసారి మాట్లాడి, జరిగింది జరిగినట్టు రాసి పంపండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అమలుకావడానికి 18 నెలల గడువిచ్చారు. యజమానుల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు వ్యక్తిగత డేటా కిందికే వస్తాయి కాబట్టి ఆ గడువులోగా మీ ఇల్లు చక్కబెట్టుకోండి.

షాపుల వాళ్లకి మెసేజ్ లోపం సరిచేసిన రోజే పంపండి, అంతకు ముందు కాదు. తెరిచి ఉన్నప్పుడు చెప్తే ప్రయత్నించి చూసేవాళ్లు తయారవుతారు. మెసేజ్ చిన్నదిగా, సూటిగా ఉండనివ్వండి: "మా పోర్టల్‌లో ఒక లోపం వల్ల ఒక షాపు బిల్లులు ఇంకో షాపు లాగిన్‌లో కనిపించే అవకాశం ఉండింది. ఫలానా తేదీన తెలిసింది, ఫలానా తేదీన సరిచేశాం. మీ బిల్లులు ఎవరైనా తెరిచారేమో చూసి, తెరిచి ఉంటే మీకు విడిగా ఫోన్ చేస్తాం. మీ పాస్‌వర్డ్ మార్చుకోండి. సందేహాలుంటే నాకే ఫోన్ చేయండి." కింద మీ పేరు, నంబరు. పోర్టల్ పేరో, ఆఫీసు పేరో కాదు, మీ పేరే. "ఆ షాపుకి నాకన్నా 2 శాతం ఎక్కువ ఎందుకిచ్చారు?" అని కొందరు కచ్చితంగా అడుగుతారు. ఆర్డరు పరిమాణం, సకాలంలో చెల్లింపు, మీ లెక్క ఏదైతే అది ముందే రాసి పెట్టుకోండి, అందరికీ అదే చెప్పండి. దాపరికం వల్ల పోయే షాపుల కన్నా ఈ గొడవ వల్ల పోయేవి తక్కువే ఉంటాయి.

మీకు ఫోన్ చేసి చెప్పిన షాపు ఆయనకి మాత్రం మెసేజ్ కాదు, మీరూ మీవారూ వెళ్లి కృతజ్ఞత చెప్పండి. పక్క షాపుల రేట్లన్నీ చూసుకుని, నోరు మెదపకుండా మీతో బేరమాడే అవకాశం ఉండి కూడా ఆయన మీకు చెప్పారు. "మా పోర్టల్‌లో అంకెలు ఎందుకు మార్చారు?" అని మీ సాఫ్ట్‌వేర్ అబ్బాయి గానీ, ఇంట్లో ఇంకెవరు గానీ ఆయన్ని నిలదీయకుండా చూసుకోండి. అలా చేస్తే రేపు ఇంకో లోపం కనిపించినా ఎవరూ చెప్పరు. సరిచేశాక ఆయన్నే ఒకసారి మళ్లీ ప్రయత్నించి చూడమని అడగండి.